ఒకే పేరుకు ఇద్దరు హక్కుదారులు

ఉబుంటు 20.04 అనే లినక్స్ కూర్పు 2020 ఏప్రిల్‌లో విడుదలైంది. అందులో బ్యాట్, రిప్‌గ్రెప్ అని రెండు చిన్న ప్రోగ్రాములున్నాయి. మొదటిది ఫైలులోని పాఠాన్ని రంగులద్ది చదవడానికి వీలుగా చూపిస్తుంది. రెండోది వేల ఫైళ్లలో మనం అడిగిన మాట ఎక్కడుందో క్షణంలో వెతికి పెడుతుంది. వాటి మధ్య పోటీ లేదు, పొత్తూ లేదు. అయినా ఒకటి ఉన్న కంప్యూటర్లోకి రెండోదాన్ని ఎక్కించబోతే ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగిపోయేది. ఫలానా ఫైలు ఇప్పటికే వేరే ప్యాకేజీది, దాన్ని చెరిపి రాయలేను అని ఎర్రర్ వచ్చేది.

తగువు పెట్టింది క్రేట్స్2.జేసన్ అనే ఫైలు. ఆ రెండు ప్రోగ్రాములూ రస్ట్ భాషలో రాసినవి. రస్ట్‌లో కార్గో అనే పనిముట్టు ప్రోగ్రాములను ఇన్‌స్టాల్ చేసినప్పుడల్లా ఏమేం ఎక్కించానన్నది తన లెక్క కోసం ఒక ఫైలులో రాసుకుంటుంది. దాని పేరుకు ముందు చుక్క ఉంటుంది కాబట్టి మామూలుగా చూస్తే కనబడదు. ప్యాకేజీ కట్టేటప్పుడు దాన్ని తీసేయాల్సింది, తీయలేదు. దాంతో రెండు ప్యాకేజీలూ యూఎస్ఆర్ డైరెక్టరీలో సరిగ్గా ఒకే చోట, ఒకే పేరుతో ఆ ఫైలును దించబోయాయి. వాడేవాళ్లెవరికీ అక్కరలేని ఆ చిన్న ఫైలు వల్ల రెండు మంచి ప్రోగ్రాములు ఒక యంత్రంలో కలిసి ఉండలేకపోయాయి.

లినక్స్ కోసం సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీలుగా కట్టేవారికి ఈ రకం తగువులు కొత్త కాదు. వీటిని తీర్చడానికి ముప్పై ఏళ్లుగా కొన్ని పద్ధతులు, కొన్ని కట్టుబాట్లు ఏర్పడ్డాయి. తెలుగు ఫాంట్లు, తెలుగు అనువాదాలు, తెలుగు కీబోర్డులు తయారుచేసేవారు ఈ కట్టుబాట్లను తెలుసుకోవడం చాలా అవసరమని నేను నమ్ముతాను. మన లిపికి మాత్రమే ఎదురయ్యే చిక్కు కూడా ఇందులో ఒకటుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందుగా ఇంత రద్దీ ఎందుకొస్తుందో చూడాలి. విండోస్‌లో సాధారణంగా ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో ఫోల్డరు ఉంటుంది, దాని సరంజామా అంతా అందులోనే ఉంటుంది. లినక్స్ పద్ధతి వేరు. ఇక్కడ ఫైళ్లను రకాన్ని బట్టి సర్దుతారు. ఏ ప్రోగ్రాముకు చెందినదైనా కమాండ్ అయితే యూఎస్ఆర్/బిన్‌లోకి, లైబ్రరీ అయితే లిబ్‌లోకి, ఫాంట్లు, అనువాదాలు, బొమ్మలు షేర్‌లోకి వెళ్తాయి. దీనివల్ల లాభాలున్నాయి. ఒకే లైబ్రరీని వందల ప్రోగ్రాములు పంచుకుంటాయి, దానిలో భద్రతా లోపం బయటపడితే ఒక్కచోట సరిచేస్తే అన్నిటికీ సరిపోతుంది. కానీ ఒకరినొకరు ఎరగని వేలమంది రాసిన ఫైళ్లన్నీ వచ్చి ఆ కొద్ది డైరెక్టరీల్లోనే పడతాయి. 2023 జూన్‌లో విడుదలైన డెబియన్ 12 అనే లినక్స్ కూర్పులో ఉన్న ప్యాకేజీలు 64,419.

నెల్లూరు జిల్లాలో పెంచలకోన నరసింహస్వామి పేరు పెట్టుకున్న పెంచలయ్యలు ఊరూరా ఉంటారు. వెంకటాచలం మండలంలో ఒక బడి హాజరుపట్టీలో ఇద్దరు పెంచలయ్యలు పడితే పంతులుగారు ఇంటిపేరు చేర్చి పిలుస్తారు, గొడవ ఉండదు. ఫైలుకు ఇంటిపేరు అది ఉండే డైరెక్టరీ. వేరువేరు డైరెక్టరీల్లో ఒకే పేరుతో ఎన్ని ఫైళ్లున్నా ఇబ్బంది లేదు. లినక్స్‌లో చిక్కల్లా కమాండ్లన్నిటికీ దాదాపు ఒకటే ఇంటిపేరు కావడం.

డెబియన్, ఉబుంటుల్లో ప్యాకేజీలను విప్పి డిస్కు మీద సర్దే పని డీపీకేజీ అనే ప్రోగ్రాముది. ఇది ప్రతి ప్యాకేజీకీ ఒక జాబితా రాసి పెట్టుకుంటుంది. ఏ ఫైలు ఏ ప్యాకేజీది అన్న హక్కు పత్రం అదే. కొత్త ప్యాకేజీ వచ్చినప్పుడు అందులోని ప్రతి ఫైలు పేరునూ ఈ జాబితాలతో పోల్చి చూస్తుంది. ఫైలును మొదట డీపీకేజీ-న్యూ అన్న తోక తగిలించి పక్కన రాస్తుంది, అంతా సవ్యంగా ఉందనుకున్నాక తోక తీసి అసలు పేరు పెడుతుంది. పేరు మార్చడమన్నది లినక్స్ కేంద్ర భాగమైన కర్నెల్ ఒకే అడుగులో చేసే పని కాబట్టి నడుమ కరెంటు పోయినా పాత ఫైలో కొత్త ఫైలో ఏదో ఒకటి నిండుగా ఉంటుంది, సగం సగం ముక్క మిగలదు. పేరు మీద వేరే ప్యాకేజీ హక్కు కనబడితే పని ఆపి, అప్పటివరకు చేసినదాన్ని వెనక్కి తిప్పుతుంది.

ఇంత కటువుగా ఎందుకుండాలి, కొత్తదాన్ని పాతదాని మీద రాసేస్తే సరిపోదా అని అడిగేవారున్నారు. రాసేస్తే ఏమవుతుందో ఆలోచించండి. మొదటి ప్రోగ్రాము తనదనుకున్న చోట పరాయి ఫైలు ఉంటుంది. ఆ క్షణాన ఏమీ తెలియదు. ఎప్పుడో ఆ ఫైలు అవసరం పడినప్పుడు ప్రోగ్రాము కూలుతుంది. ఇంకొన్నాళ్లకు రెండో ప్యాకేజీ అక్కరలేదని తీసేస్తే దాంతోపాటే ఆ ఫైలూ పోతుంది, మొదటి ప్రోగ్రాముకు అసలు కాళ్లే ఉండవు. అప్పటికి కారణం వెతకడం ఎవరి తరమూ కాదు. ఫోర్స్-ఓవర్‌రైట్ అనే ఆప్షన్‌తో డీపీకేజీ నోరు మూయించవచ్చు, చాలామంది ఆ సలహా ఇస్తారు కూడా. బ్యాట్, రిప్‌గ్రెప్‌ల లాంటి తగువులో, రెండూ వాడని ఫైలు కాబట్టి, దానివల్ల నష్టం జరగకపోవచ్చు. అలవాటుగా మారితే మాత్రం యంత్రంలో ఏ ఫైలు ఎవరిదన్న నమ్మకమే పోతుంది. ఎర్రర్ వచ్చినప్పుడు దాన్ని దాటేయడం కన్నా ఆ రెండు ప్యాకేజీల నిర్వాహకులకు చెప్పడం మేలు.

యంత్రం చేయగలిగింది అక్కడితో అయిపోతుంది. తగువుందని పట్టుకోగలదు గానీ పేరు ఎవరికి చెందాలో చెప్పలేదు. ఆ తీర్పు మనుషులు చెప్పాలి. డెబియన్ విధాన పత్రంలో దీనికి ఒక నియమం ఉంది. వేరువేరు పనులు చేసే రెండు ప్రోగ్రాములు ఒకే ఫైలు పేరుతో ఉండకూడదు. అలా జరిగితే ఇద్దరు నిర్వాహకులూ అందరి ముందూ చర్చించి ఎవరో ఒకరు పేరు మార్చుకోవాలి. ఏకాభిప్రాయం కుదరకపోతే ఇద్దరూ మార్చుకోవాలి. ఎవరికీ దక్కకుండా పోతుందన్న భయమే చాలామందిని రాజీకి తెస్తుంది. తెలివైన నియమమని నా అభిప్రాయం.

ఈ నియమానికి పెద్ద పరీక్ష నోడ్ అనే పేరు దగ్గర ఎదురైంది. అమెచ్యూర్ రేడియో వాళ్లకు, అంటే సొంత లైసెన్సుతో రేడియో కేంద్రాలు నడుపుకునే ఔత్సాహికులకు, ప్యాకెట్ రేడియో కోసం నోడ్ అనే ప్రోగ్రాము డెబియన్‌లో చాలాకాలంగా ఉంది. 2009లో ర్యాన్ డాల్ జావాస్క్రిప్టును సర్వర్ల మీద నడిపే నోడ్.జేఎస్‌ను బయటపెట్టాడు. కొద్ది కాలంలోనే అది వెబ్ ప్రపంచమంతా పాకింది. దాని కమాండ్ పేరు కూడా నోడ్. రేడియో వాళ్లది ఎస్‌బిన్‌లో, జావాస్క్రిప్టు వాళ్లది బిన్‌లో. కాబట్టి డీపీకేజీకి అభ్యంతరం లేదు. కానీ మనిషి కమాండ్ టైపు చేసినప్పుడు ఏది నడవాలో తేల్చేది డైరెక్టరీలను వెతికే వరుస. ఒకరి యంత్రంలో ఒకటి, మరొకరి యంత్రంలో ఇంకొకటి నడిచే ప్రమాదం ఉంది.

జావాస్క్రిప్టు పక్షం వాదన: ప్రపంచంలోని వేలాది స్క్రిప్టుల మొదటి వరుసలో ఈ పేరే రాసుంది, మారిస్తే అవన్నీ చెడతాయి. రేడియో పక్షం వాదన: మేము ముందునుంచీ ఉన్నాం, చేతికందని దూరాల్లో ఉన్న రేడియో యంత్రాల సెట్టింగుల్లో మా పేరు రాసుంది, అప్‌డేట్ తర్వాత అవి మూగబోతే వెళ్లి బాగుచేయడం కష్టం. రెండు వాదనల్లోనూ న్యాయం ఉంది. తగువు డెబియన్ సాంకేతిక కమిటీ దాకా వెళ్లింది. 2012 జులైలో కమిటీ తీర్పు చెప్పింది. రేడియో ప్రోగ్రాము ఏఎక్స్25-నోడ్ అయింది. జావాస్క్రిప్టు ప్రోగ్రాము నోడ్‌జేఎస్ అనే పేరుతో నడిచింది. పాత పేరు తప్పదనుకునేవారి కోసం నోడ్‌జేఎస్-లెగసీ అనే చిన్న ప్యాకేజీ పెట్టారు, అది ఒక లింకును మాత్రమే అమరుస్తుంది. 2017లో అదే కమిటీ తన పాత ఆంక్షను ఎత్తేసింది. రేడియో ప్రోగ్రాము పేరు మారి ఏళ్లు గడిచాయి కాబట్టి నోడ్ అన్న పేరును జావాస్క్రిప్టుకు ఇచ్చినా ఇక ఎవరికీ ఇబ్బంది లేదని తేలింది. ఐదేళ్ల ఓపిక తీర్చిన తగువు ఇది.

గిట్ కథ ఇంతకన్నా తేలిగ్గా ముగిసింది. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ 2005లో, ప్రోగ్రాముల్లో జరిగే మార్పులను నమోదు చేసే గిట్ రాసేనాటికే డెబియన్‌లో గిట్ అనే ప్యాకేజీ ఉంది. గ్నూ ఇంటరాక్టివ్ టూల్స్ అనే ఫైల్ మేనేజర్ పొట్టిపేరు అది. అందుకని టోర్వాల్డ్స్ గిట్ చాన్నాళ్లు గిట్-కోర్ అనే ప్యాకేజీగా చలామణి అయింది. చివరకు పాతది గ్నూఇట్ అని పేరు మార్చుకుని తప్పుకుంది. ఇక మనం మొదట చెప్పుకున్న బ్యాట్‌కు ఇంకో తగువు కూడా ఉంది. బాకప్‌లు తీసే బాకులా వాళ్ల అడ్మిన్ పనిముట్టుకూ అదే కమాండ్ పేరు. అందుకే డెబియన్, ఉబుంటుల్లో బ్యాట్‌ను బ్యాట్‌క్యాట్ అని పిలవాలి. ఎఫ్‌డీ అనే వెతుకులాట పనిముట్టు అదే కారణంగా ఎఫ్‌డీఫైండ్ అయింది. ఏదో పాఠం చూసి కమాండ్ టైపు చేసి, లేదన్న సమాధానం చూసి తలపట్టుకునే కొత్తవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

పేరు మార్చడం ఒక్కటే దారి కాదు. రెండు ప్రోగ్రాములూ ఒకే పనిని చేసేవైతే ప్రత్యామ్నాయాల పద్ధతి ఉంది. ఏడబ్ల్యూకే అనే పనిముట్టుకు గాక్, మాక్ వంటి రకాలున్నాయి. ఏవీ ఆ పేరును సొంతం చేసుకోవు. తమ తమ పేర్లతోనే ఉంటాయి. ఏడబ్ల్యూకే అన్న పేరు ఈటీసీ/ఆల్టర్నేటివ్స్‌లోని ఒక లింకుకు, ఆ లింకు వాటిలో ఒకదానికి చూపుతుంది. ఏది కావాలో కంప్యూటరు యజమాని తేల్చుకుంటాడు. వేరే ప్యాకేజీ ఫైలును పక్కకు జరిపి దాని స్థానంలో తనది పెట్టే డైవర్ట్ అనే పద్ధతి కూడా ఉంది, అది అరుదుగా వాడాలి. ఈ రెండు ప్యాకేజీలు కలిసి ఉండకూడదని ప్యాకేజీ వివరాల్లో కాన్‌ఫ్లిక్ట్స్ అనే వరుస రాసేయడం అన్నిటికన్నా తేలిక. ఫైలు పేర్ల తగువుకు అది సరైన మందు కాదని డెబియన్ విధాన పత్రమే హెచ్చరిస్తోంది. ఒక పేరు కోసం వాడేవాడిని ఇది కావాలా అది కావాలా అని అడగడం అన్యాయం.

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది ఇంకో పద్ధతి గురించి, ఫైళ్ల హక్కును ఒక ప్యాకేజీ నుంచి మరోదానికి మార్చడం గురించి. అది మన ఫాంట్లకు జరిగింది. ఒకప్పుడు డెబియన్‌లో తెలుగు ఫాంట్ల ప్యాకేజీ పేరు టీటీఎఫ్-తెలుగు-ఫాంట్స్. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించి స్వేచ్ఛగా పంచుకునే లైసెన్సుతో ఇచ్చిన పోతన2000, వేమన2000 ఫాంట్లు అలాగే డెబియన్ వాడుకరులకు చేరాయి. తర్వాత డెబియన్ ఫాంట్ల బృందం ప్యాకేజీల పేర్లన్నీ ఫాంట్స్ అన్న మాటతో మొదలయ్యేలా మార్చింది. ఇప్పుడు పోతన, వేమనలు ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రాలో ఉన్నాయి. రెడ్‌హ్యాట్ విడుదల చేసిన లోహిత్ తెలుగు ఫాంట్స్-లోహిత్-టెలులో ఉంది. రెంటినీ కలిపి తెచ్చే ఉత్త ప్యాకేజీ ఫాంట్స్-టెలు. టెలు అన్నది లిపికి అంతర్జాతీయ ప్రమాణం ఇచ్చిన నాలుగక్షరాల కోడ్. భాషకు టీఈ అనే రెండక్షరాల కోడ్ వేరే ఉంది. ఫాంటు లిపికి చెందినది, అనువాదం భాషకు చెందినది కాబట్టి ఆ తేడా పాటించారు.

ఒక ప్యాకేజీ నుంచి మరో ప్యాకేజీకి ఫైళ్లు ఇలా చేతులు మారినప్పుడు కొత్త ప్యాకేజీ రెండు వరుసలు రాయాలి. రీప్లేసెస్ అన్న వరుస, ఫలానా పాత కూర్పుకు చెందిన ఫైళ్ల మీద నాకు హక్కుంది అని చెబుతుంది. అప్పుడు డీపీకేజీ అడ్డుపడకుండా ఫైలును కొత్త యజమాని పేరిట రాస్తుంది. బ్రేక్స్ అన్న వరుస, నేను వస్తున్నాను కాబట్టి ఆ పాత కూర్పు ఇక సక్రమంగా పనిచేయదు, దాన్ని కూడా కొత్తదిగా మార్చు అని చెబుతుంది. మొదటిది రాసి రెండోది మరిచిపోయేవారే ఎక్కువ. అలా మరిస్తే కొత్త ప్యాకేజీని తీసేసిన రోజున ఫైలు మాయమవుతుంది, పాత ప్యాకేజీ మాత్రం అన్నీ ఉన్నట్టే జాబితాలో మిగులుతుంది. రెండు వరుసల్లోనూ కూర్పు సంఖ్య వేయాలి, ఆ సంఖ్య కన్నా పాతవాటికే ఇది వర్తిస్తుందని.

సిలికానాంధ్ర చొరవతో వచ్చిన తెలుగు విజయం ఫాంట్లు కూడా డెబియన్‌లో ఫాంట్స్-తెలుగువిజయం పేరుతో దొరుకుతాయి. ధూర్జటి, పెద్దన, తిమ్మన, తెనాలి రామకృష్ణ, మండలి, రామభద్ర, సురవరం లాంటి పేర్లు. వీటిలో కొన్ని గూగుల్ ఫాంట్స్‌లోనూ ఉన్నాయి. ఒక్కో ప్యాకేజీ తన ఫాంట్లను తన పేరున్న ఉపడైరెక్టరీలో పెడుతుంది కాబట్టి ఫైళ్ల మధ్య తగువు రాదు. అయితే ఫాంటుకు ఇంకో పేరుంది. అది ఫైలు లోపల రాసి ఉండే కుటుంబ నామం. లిబ్రెఆఫీసులో మెనూలో కనబడేది అదే. వెబ్ నుంచి దించుకున్న మండలి ఒకటి, ప్యాకేజీతో వచ్చిన మండలి మరొకటి ఒకే యంత్రంలో ఉంటే మెనూలో మండలి అని ఒక్కటే కనబడుతుంది, రెంటిలో ఏది వస్తుందో చూడగానే తెలియదు. ఇద్దరి యంత్రాల్లో ఒకే పత్రం పుట తిరిగే చోటు వేరుగా పడిందంటే ముందు దీన్నే అనుమానించాలి. 2007 ఫిబ్రవరిలో వెలువడ్డ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ 1.1 ఈ చిక్కును ముందే ఊహించి, రూపకర్త కోరితే తన ఫాంటు పేరును రిజర్వు చేసుకునే వీలిచ్చింది. ఆ ఫాంటును ఎవరైనా మార్చి పంచవచ్చు, అదే పేరుతో మాత్రం పంచకూడదు.

ఫాంట్ల తర్వాత రద్దీగా ఉండే చోటు అనువాదాలది. గ్నోమ్ డెస్క్‌టాప్ మొదలు చిన్న ఆటల వరకు లినక్స్ ప్రోగ్రాముల తెలుగు అనువాదాలు చాలావరకు యూఎస్ఆర్/షేర్/లొకేల్/టీఈ కింద ఒకే డైరెక్టరీలో పడతాయి. అందుకే ప్రతి ప్రోగ్రాము అనువాద ఫైలుకూ విడి పేరుండాలి. జీటీకే లైబ్రరీ పాత కూర్పు, కొత్త కూర్పు ఒకే యంత్రంలో ఉండాలి కాబట్టి వాటి అనువాదాలకు జీటీకే20, జీటీకే30, జీటీకే40 అని కూర్పు సంఖ్య చేర్చి పేర్లు పెట్టారు. ఉబుంటు ఇంకొక అడుగు వేసింది. అనువాదాలను ప్రోగ్రాముల నుంచి విడదీసి లాంగ్వేజ్-ప్యాక్-టీఈ వంటి భాషా ప్యాకేజీల్లో చేర్చింది. అదే ఫైలు అసలు ప్రోగ్రాము ప్యాకేజీలోనూ ఉంటే గొడవే కదా. అందుకని భాషా ప్యాకేజీల కోసం లొకేల్-ల్యాంగ్‌ప్యాక్ అని వేరే డైరెక్టరీయే పెట్టి, అనువాదాన్ని వెతికే వ్యవస్థకు ఆ చోటు కూడా చూడమని నేర్పింది. తెలుగు అనువాదం ఒక్కటి సరిదిద్దితే మొత్తం ప్రోగ్రామును మళ్లీ పంపనక్కరలేదు, తగువూ లేదు. నేను చూసిన పరిష్కారాల్లో ఇది చక్కనిది.

ఇక మన లిపికి మాత్రమే చెందిన చిక్కు. తెలుగుకు 2008లో ప్రాచీన భాష హోదా దక్కింది. ఆ హోదాతో ఏర్పడ్డ ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం మైసూరు నుంచి తరలివచ్చి 2020 జనవరిలో నెల్లూరు జిల్లా వెంకటాచలంలోని స్వర్ణభారత్ ట్రస్టు ప్రాంగణంలో ప్రారంభమైంది. అదే మండలంలో కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. కావ్యాలు, శాసనాలు, నిఘంటువులు డిజిటల్ రూపంలోకి మారుతున్న ఈ రోజుల్లో ఇటువంటి చోట్ల పనిచేసేవారికి ఫైళ్ల పేర్లు కూడా తెలుగులోనే పెట్టుకోవాలని ఉంటుంది. ఉండాలి కూడా. అయితే పేరును లినక్స్ ఎలా చూస్తుందో తెలిసి పెట్టాలి.

లినక్స్ కర్నెల్‌కు అక్షరాలు తెలియవు, బైట్లు మాత్రమే తెలుసు. ఒక ఫైలు పేరు ఎక్స్‌ట్4 వంటి ఫైల్ సిస్టమ్‌లో 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు సరిపోతుంది. తెలుగులో ప్రతి హల్లుకు, ప్రతి గుణింతపు గుర్తుకు, సున్నకు, పొల్లుకు మూడేసి బైట్లు కావాలి. వెంకటాచలం అన్న మాటలో అలాంటి సంకేతాలు తొమ్మిది, అంటే 27 బైట్లు. మొత్తం పేరులో 85 సంకేతాల దగ్గర హద్దు వచ్చేస్తుంది. విండోస్‌లో హద్దును వేరేలా లెక్కిస్తారు కాబట్టి అక్కడ 200 సంకేతాలతో పెట్టిన పొడవాటి తెలుగు శీర్షిక చెల్లుతుంది, లినక్స్‌లోకి కాపీ చేయబోతే కుదరదు.

అంతకన్నా లోతైన చిక్కు ఐత్వంలో ఉంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు విధాలుగా రాయవచ్చు. 0సీ48 అనే ఒకే సంకేతంగా ఒక విధం. ఎత్వం 0సీ46, దాని కింద ఐత్వపు గుర్తు 0సీ56, ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడం రెండో విధం. ప్రమాణం ప్రకారం రెండూ సమానమే, తెర మీద రెండూ ఒకేలా కనబడాలి. తెలుగు అక్షరమాల మొత్తంలో ఇలా విడిపోయే గుర్తు ఇదొక్కటే. మైపాడు అనే పేరుతో ఫైలు పెట్టారనుకోండి. మొదటి విధంగా రాస్తే 18 బైట్లు, రెండో విధంగా 21 బైట్లు. బైట్లు వేరు కాబట్టి లినక్స్‌కు అవి రెండు వేరువేరు ఫైళ్లు. ఒకే డైరెక్టరీలో మైపాడు, మైపాడు అని రెండు ఫైళ్లు ఏ తేడా కనబడకుండా పక్కపక్కన కూర్చుంటాయి. ఒకదాన్ని దిద్ది, ఇంకొకదాన్ని తెరిచి, నా దిద్దుబాటు ఏమైందని వెతుక్కోవాల్సి వస్తుంది. శ్రీనాథుడి శృంగార నైషధం పాఠానికీ ఇదే గతి పట్టవచ్చు.

ఇది ఊహ మాత్రమే కాదు. ఆపిల్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లన్నిటినీ విడదీసిన రూపంలోకి మార్చి దాచేది. మ్యాక్‌లో పెట్టిన ఫైలు పేరు లినక్స్‌కు వచ్చేసరికి రెండో విధంలో ఉండేది. ఈ కారణంగానే గిట్‌లో మ్యాక్ కోసం ప్రత్యేకంగా ప్రీకంపోజ్‌యూనికోడ్ అనే సెట్టింగు చేర్చాల్సి వచ్చింది. ప్యాకేజీ కట్టేవారికి ముప్పు రెండు వైపులా ఉంది. లినక్స్‌లో డీపీకేజీ ఈ తగువును పట్టుకోలేదు, ఎందుకంటే దాని దృష్టిలో తగువే లేదు. రెండు విధాలనూ సమానంగా చూసే మ్యాక్‌లో ఆ రెండు ఫైళ్లూ ఉన్న జిప్పును విప్పితే ఒక ఫైలు మరొకదాన్ని మింగేయవచ్చు.

2019 జులైలో వచ్చిన లినక్స్ కర్నెల్ 5.2 నుంచి ఎక్స్‌ట్4లో కోరుకున్న డైరెక్టరీలకు ఈ సమానత్వాన్ని పాటించే ఏర్పాటు ఉంది. అది మనం ఆన్ చేసుకుంటేనే పనిచేస్తుంది. మామూలు డైరెక్టరీల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. అక్షరాలు అతుక్కోకుండా మనం మధ్యలో పెట్టే కనబడని సంకేతం ఉంది కదా, సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు ట కింద వ వత్తు పడకుండా ఆపేది. దాన్ని యూనికోడ్ సాధారణీకరణ తొలగించదు. పొల్లుతో ముగిసే పదం చివర అది ఒకటి మిగిలిపోతే కంటికి ఏ తేడా తెలియదు, ఫైలు పేరు మాత్రం మూడు బైట్లు పెరిగి వేరే పేరైపోతుంది.

డెబియన్ విధాన పత్రం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. కమాండ్లుండే డైరెక్టరీల్లో ఫైలు పేర్లు ఆస్కీలోనే, అంటే ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, గుర్తులతోనే ఉండాలి. మిగతా చోట్ల యూటీఎఫ్-8లో ఉండాలి, వీలైతే అక్కడా ఆస్కీకే పరిమితం కావాలి. మన భాషాభిమానానికి ఇది కష్టంగా తోచవచ్చు. నా మట్టుకు నేను ఈ నియమంతో ఏకీభవిస్తాను. అందరి యంత్రాల్లోకీ వెళ్లే ప్యాకేజీలో ఫైలు పేరు ఆస్కీలో ఉండి, తెలుగు శీర్షిక ఫైలు లోపల, వివరాల్లో, మెనూలో నిండుగా ఉంటే భాషకు లోటు లేదు. ఇండిక్ కీబోర్డుల్లో టీఈ-ఇన్‌స్క్రిప్ట్, టీఈ-ఆర్‌టీఎస్ అని భాషా కోడ్‌తో మొదలయ్యే పేర్లు పెట్టింది ఈ పద్ధతిలోనే. సొంత పత్రాలకు, పరిశోధనా ప్రతులకు తెలుగు పేర్లే పెట్టుకోవచ్చు, కానీ అందరూ ఒకే రూపం వాడాలి. పేర్లన్నిటినీ కలిపిన రూపంలోకి మార్చే కన్వ్ఎంవీ అనే పనిముట్టు లినక్స్‌లో దొరుకుతుంది.

వేరే దారులు పట్టినవారూ ఉన్నారు. ఫెడోరా వాడే ఆర్పీఎం, రెండు ప్యాకేజీల్లోని ఫైలు అక్షరం పొల్లు పోకుండా ఒకటే అయితే ఇద్దరికీ ఉమ్మడి హక్కు ఇస్తుంది. ఈల్కో డోల్‌స్ట్రా 2006లో తన పీహెచ్‌డీలో వివరించిన నిక్స్ పద్ధతి ఏకంగా పునాదినే మార్చింది. అక్కడ ప్రతి ప్యాకేజీకీ 32 అక్షరాల గుర్తుతో సొంత డైరెక్టరీ ఉంటుంది, ఒకే ప్రోగ్రాము పది కూర్పులు కూడా కలిసి ఉండగలవు. డిస్కు మీద తగువు పోతుంది. మనిషి టైపు చేసే కమాండ్ పేరు దగ్గర మాత్రం ఏది ముందన్న ప్రశ్న మళ్లీ వస్తుంది.

డెబియన్ కూడా ఇటీవలే ఒక పాత బాకీ తీర్చుకుంది. బిన్, యూఎస్ఆర్/బిన్ ఒకటే అయిపోయినా డీపీకేజీకి అవి రెండు వేరు చిరునామాలుగానే కనబడేవి. ఒక ఫైలు ప్యాకేజీ మారుతూ చిరునామా కూడా మారితే అప్‌గ్రేడ్‌లో మాయమయ్యే ప్రమాదం ఉండేది. అందుకని అలాంటి మార్పులను చాలాకాలం నిషేధించి, ఒక్కో ప్యాకేజీనీ పరిశీలించి ఫైళ్లన్నిటినీ అసలు చిరునామాకు చేర్చారు. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13తో ఆ పని కొలిక్కి వచ్చింది.

హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. సీడాక్ తెచ్చిన బాస్ లినక్స్ కూడా డెబియన్ మీద నిలిచినదే. ఆ వరుసలో కొత్తగా పని మొదలుపెట్టే విద్యార్థులకు, తెలుగు ఫాంటో నిఘంటువో కీబోర్డో చేసి ప్యాకేజీగా ఇవ్వాలనుకునే వారందరికీ నా విన్నపం ఇది. పేరు ఖాయం చేసేముందు ఏప్ట్-ఫైల్ అనే పనిముట్టుతో ఆ పేరు ఇంకెవరిదైనా ఉందేమో వెతకండి. ఉంటే మొదటి రోజే మార్చుకోండి, వాడుకలోకి వచ్చాక మార్చడం ఎంత కష్టమో నోడ్ తగువు చూపించింది. మీ ఫైళ్లను మీ ప్యాకేజీ పేరున్న డైరెక్టరీలో పెట్టండి. కట్టిన ప్యాకేజీని బయటికి పంపేముందు అందులో ఏ ఫైళ్లున్నాయో, చుక్కతో మొదలయ్యేవాటితో సహా, ఒక్కొక్కటీ చదవండి. తెలుగు పేర్లుంటే ఐత్వాలను కలిపిన రూపంలోకి మార్చి, కనబడని సంకేతాలు ఏరేయండి. ఫైలు ఒక ప్యాకేజీ నుంచి మరొకదానికి మారుతుంటే రీప్లేసెస్, బ్రేక్స్ రెండూ రాయండి. మీ ప్యాకేజీ మరొకరిదానితో తగువు పడిందని ఎవరైనా చెబితే, అవతలి నిర్వాహకుడికి ఆ రోజే ఉత్తరం రాయండి.